గొంగళిపురుగును పెంచి చూచినవారు

తొలకరి వానలు కురిసి పెరట్లో మొక్కలు చిగిర్చిన కొద్ది దినములకే ఆకుల అంచులు ఎవరో కొరికినట్లు కనబడతాయి. ఆకును తిరగవేసి చూస్తే గొంగళిపురుగు దొరుకుతుంది. ఒంటినిండా నూగుతో గొంగళి కప్పుకొన్నట్లు ఉండుటచేత దానికి ఆ పేరు వచ్చినది. నూగు లేని నున్నని పురుగులను కూడ మనము ఆ పేరుతోనే పిలుస్తున్నాము. ఇవి పెరిగి కొన్ని సీతాకోకచిలుకలు అవుతాయి. అంతకంటె ఎన్నోరెట్లు ఎక్కువ జాతులు చిమ్మటలు అవుతాయి. సీతాకోకచిలుక పగటిపూట తిరుగుతుంది. దాని స్పర్శశృంగాల కొన గుండుసూది తలవలె లావుగా ఉంటుంది. చిమ్మటలు చాలవరకు రాత్రివేళ తిరుగుతాయి. వాటి స్పర్శశృంగాలు దారమువలెనో, ఈకవలెనో ఉంటాయి.

గుడ్డు, డింభకము, ప్యూపా, ప్రౌఢకీటకము అనే నాలుగు దశలను నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి తడుముకోకుండా చెప్పగలడు. కాని ఈ నాలుగు మాటలు ఒక వరుసలో నిలబడుటకు రెండువేల సంవత్సరాలు పట్టినవి. వాటిని నిలబెట్టినవారిలో గొప్ప యంత్రసామగ్రి కలవారు తక్కువ. ఒక పెట్టె, దానిలో రోజూ మార్చే తాజా ఆకు, తేదీలు వ్రాసుకొనే పుస్తకము, వీటన్నిటికి మించి ఓర్పు — ఇవే వారి పరికరాలు. వారి కథ తెలిస్తే మన పెరటి పురుగు కేవలము తెగులుగా కాక ఒక ప్రశ్నగా కనబడుతుంది.

లోపలికి పోయినది, బయటికి వచ్చినది

మన పెద్దలు చెప్పే భ్రమరకీట న్యాయమును వినని తెలుగువారు అరుదు. తుమ్మెద ఒక పురుగును తెచ్చి మట్టిగూటిలో పెడుతుంది. దాని చుట్టు ఝుంకారము చేస్తూ తిరుగుతుంది. పురుగు భయముతో తుమ్మెదనే తలచుకొని, తలచుకొని, చివరకు తానే తుమ్మెదగా మారి బయటికి వస్తుంది. దేనిని ధ్యానిస్తే అదే అవుతామని చెప్పుటకు వేదాంతులు వాడుకొన్న దృష్టాంతమిది. ఆ బోధ విలువ వేరు. దానితో ఇక్కడ మనకు పని లేదు. ఈ దృష్టాంతము ఎట్లు పుట్టినదో మాత్రము చూడాలి.

దీనిని మొదట చెప్పినవాడు కన్నులు మూసుకొని చెప్పలేదు. గోడమీది చిన్న మట్టికుండ వంటి గూటిలోనికి ఒక రెక్కలపురుగు పచ్చని పురుగును ఈడ్చుకొనిపోవుట అతడు చూచినాడు. కొన్నాళ్ళకు ఆ గూటినుండి అదే రెక్కలపురుగు వంటిది బయటికి వచ్చుట కూడ చూచినాడు. ఈ రెండూ నిజమే. కాని రెంటికి నడుమ మూసిన గూటిలో ఏమి జరిగినదో అతడు చూడలేదు. చూడని ఆ భాగమును ఊహతో పూరించినాడు. గొంగళిపురుగుల చరిత్ర అంతయు ఇట్టి చూడని భాగాల చరిత్రయే.

మంచుబిందువు నుండి పురుగు

క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దిలో గ్రీకు పండితుడు అరిస్టాటిల్ జంతువులను గూర్చి విపులంగా వ్రాసినాడు. సీతాకోకచిలుక గొంగళిపురుగు నుండి వస్తుందని అతనికి తెలుసు. గొంగళిపురుగు ఎక్కడి నుండి వస్తుందన్న చోట మాత్రము అతడు తప్పటడుగు వేసినాడు. కొన్ని కీటకాలు తమ వంటివాటి నుండి కాక, ఆకులమీద పడిన మంచు నుండియు, కుళ్ళిన పదార్థముల నుండియు వాటంతట అవే పుడతాయని వ్రాసినాడు. చిమ్మట పెట్టిన గుడ్డు ఆవగింజ కంటె చిన్నది. ఆకు అడుగున దాగి ఉంటుంది. నిన్న ఏమియు లేనిచోట నేడు పురుగు కనబడితే అది మంచులో పుట్టినదని అనుకొనుట వింత కాదు.

పట్టుపురుగును పెంచే చీనా దేశపు రైతులకు వేల సంవత్సరాలుగా దాని గుడ్డు నుండి చిమ్మట వరకు అంతయు తెలుసు. గుడ్లు దాచకపోతే మరుసటి పంట ఉండదు కదా! కాని మనుష్యులు పెంచే పట్టుపురుగు సంగతి ఒకటి, అడవిలో తిరిగే అనామక పురుగు సంగతి వేరొకటి అని పండితులు అనుకొన్నారు. ఎవరూ పెంచని పురుగును ఎవరైనా పెంచి చూస్తే తప్ప ఈ గోడ కూలదు.

చిత్రకారుని చిక్కు

17వ శతాబ్దిలో హాలెండు దేశపు మిడెల్‌బర్గ్ పట్టణములో యొహానెస్ గూడార్ట్ అనే చిత్రకారుడు ఉండేవాడు. అతడు పురుగులను తెచ్చి, అవి తినే ఆకులే పెట్టి పెంచి, మార్పులన్నిటిని బొమ్మలుగా వేసినాడు. 1660 తరువాతి దశాబ్దములో అతని గ్రంథము మూడు సంపుటాలుగా వెలువడినది. చివరి సంపుటము 1668లో అతడు చనిపోయిన పిదప వచ్చినది.

గూడార్ట్‌కు ఒక పెద్ద చిక్కు వచ్చిపడినది. ఒకే మొక్కపై దొరికిన, ఒకే రూపముగల పురుగులను అతడు పెంచినాడు. ఒకదాని నుండి రెక్కలు విప్పుకొంటూ అందమైన చిలుక వచ్చినది. మరొకదాని నుండి ఈగలు వచ్చినవి. ఒకటి కాదు, గుంపుగా వచ్చినవి. ఒకే తల్లి కడుపున లేడిపిల్ల, తోడేలుపిల్ల పుట్టినట్లయినది. పురుగులు కుళ్ళు నుండి పుట్టగలవని నమ్మే ఆ కాలములో ఇది కూడ ప్రకృతి చేసే చిత్రమే అనుకొన్నారు. గూడార్ట్ ఆ చిక్కు విప్పలేకపోయినాడు. కాని చూచినదానిని చూచినట్లు వ్రాసి పెట్టినాడు. అది గొప్ప ఉపకారమైనది.

ఇంతలో ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడి 1668లో మాంసముతో చేసిన ప్రయోగము ప్రకటించినాడు. మూత లేని పాత్రలోని మాంసములో పురుగులు పడినవి. సన్నని గుడ్డ కట్టిన పాత్రలో పడలేదు. ఈగలు వ్రాలి గుడ్లు పెడితేనే పురుగులు పుడతాయని తేలినది. అయినను చెట్లకు పట్టే బుడిపెలలోని పురుగులను గూర్చి రెడికి కూడ సందేహము తీరలేదు. చెట్టు యొక్క జీవశక్తియే వాటిని పుట్టిస్తుందని అతడు భావించినాడు. పాత నమ్మకము ఒక్క దెబ్బకు పోలేదు.

అదే కాలములో హాలెండు వైద్యుడు యాన్ స్వామ్మర్‌డామ్ కత్తెర, సూది, భూతద్దము చేతబట్టినాడు. 1668లో ఇటలీలోని టస్కనీ రాజకుమారుడు కోసిమో అతని సేకరణను చూడవచ్చినప్పుడు, గొంగళిపురుగు చర్మము క్రింద ముడుచుకొని ఉన్న చిలుక రెక్కలను విడదీసి చూపినాడు. పురుగు చచ్చి చిలుక పుట్టుట లేదు; పురుగులోనే చిలుక అవయవాలు సిద్ధమవుతూ ఉంటాయి అన్నమాట.

పదమూడేండ్ల బాలిక

ఈ చరిత్రలో అన్నిటికంటె ముచ్చటైన అధ్యాయము జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరములో 1660లో ప్రారంభమైనది. అప్పటికి మరియా సిబిల్లా మేరియన్ వయస్సు 13 ఏండ్లు. ఆమె తండ్రి పేరుపొందిన లోహఫలక చిత్రకారుడు, గ్రంథప్రచురణకర్త. ఆమె పసితనములోనే చనిపోయినాడు. మారుతండ్రి పుష్పచిత్రాలు వేసేవాడు. ఆయన దగ్గరనే ఆమె కుంచె పట్టుట నేర్చుకొన్నది. ఆనాడు ఆడపిల్లలకు విశ్వవిద్యాలయ ద్వారాలు మూసి ఉండేవి. లాటిను రాని వారికి శాస్త్రగ్రంథాలు కూడ మూసిన తలుపులే. ఆమెకు తెరచి ఉన్నది పెరటి తలుపు ఒక్కటే.

మొదట పట్టుపురుగులను పెంచినది. ఇతర గొంగళిపురుగుల నుండి అంతకంటె అందమైన చిలుకలు, చిమ్మటలు వస్తాయని గమనించి, దొరికిన పురుగునల్లా తెచ్చి పెంచసాగినది. వివాహమైన పిదప న్యూరెంబర్గ్ నగరమునకు వెళ్ళినది. అక్కడ ధనికుల కుమార్తెలకు చిత్రలేఖనము, కుట్టుపని నేర్పుతూ, పిల్లలను పెంచుకొంటూ, తోటలలో పురుగులను వెదకినది. దొరికిన ప్రతి పురుగును అది ఏ మొక్కపై ఉన్నదో ఆ మొక్క ఆకులతోనే పెంచినది. కుబుసము ఎప్పుడు విడిచినది, గూడు ఎట్లు కట్టినది, ఎన్ని దినాలకు రెక్కలు వచ్చినవి — అన్నియు వ్రాసుకొన్నది.

1679లో ఆమె మొదటి గ్రంథము అచ్చయినది. గొంగళిపురుగుల అద్భుత పరివర్తనము, వాటి విచిత్ర పుష్పాహారము అని దాని పేరునకు అర్థము. అందులో 50 చిత్రఫలకాలు ఉన్నవి. 1683లో మరి 50 ఫలకాలతో రెండవ భాగము వచ్చినది. ఆ గ్రంథము లాటినులో కాక జర్మను భాషలో ఉన్నది.

ఆ ఫలకాలలో ఒక క్రొత్తదనము ఉన్నది. అంతకు పూర్వము కీటకముల బొమ్మలు వేసినవారు చిలుకను ఒకచోట, పురుగును ఒకచోట తెల్లకాగితముపై వరుసగా పేర్చేవారు. మేరియన్ ఒక మొక్కను వేసి, దాని ఆకుపై గుడ్లు, ఆకు కొరుకుతున్న పురుగు, కొమ్మకు ప్యూపా, పైన ఎగిరే చిమ్మట — అన్నిటిని ఒకే పటములో చూపినది. పురుగుకు దాని ఆకుతో గల సంబంధమును ఇంత స్పష్టంగా చూపినవారు ఆమెకు ముందు లేరు. కలిసిన చిమ్మటలు పెట్టిన గుడ్ల నుండియే పురుగులు పుడతాయని, తాను చూచినంత మేరకు ఇదే నియమమని ఆమె వ్రాసినది. మంచుబిందువు సిద్ధాంతమునకు ఇంతకంటె నిదానమైన జవాబు లేదు.

గూడార్ట్‌కు ఎదురైన చిక్కు ఆమెకును ఎదురైనది. ఎన్నో దినాలు ఆకులు పెట్టి పెంచిన పురుగు నుండి చిమ్మటకు బదులు ఈగలు వచ్చేవి. చిత్రకారిణికి అది పంట పోయినట్లే. అయినను ఆమె ఆ ఈగలను తుడిచివేయలేదు. పటములో వాటికి కూడ చోటు ఇచ్చినది.

1699లో, 52 ఏండ్ల వయస్సులో, తన చిత్రాలను అమ్మి డబ్బు సమకూర్చుకొని, చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని ఆమె దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడలో వెళ్ళినది. అది అప్పుడు డచ్చివారి వలస. చక్కెర తప్ప మరొకటి వెదికే మనిషిని చూచి అక్కడి తోటల యజమానులు నవ్వినారని ఆమెయే వ్రాసుకొన్నది. ఆమెకు మొక్కలను, పురుగులను చూపి, వాటి ఉపయోగాలను చెప్పినవారు అక్కడి ఆదివాసులు, ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారు. ఆ సంగతిని ఆమె గ్రంథములో దాచలేదు. జబ్బుపడి 1701లో తిరిగి వచ్చి, 1705లో సురినామ్ కీటకముల రూపవిక్రియను 60 ఫలకాలతో ప్రకటించినది. 1717లో ఆమె మరణించినది. తరువాతి తరములో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఆమె చిత్రాలను పలుమార్లు ఆధారముగా పేర్కొన్నాడు.

చిక్కు విడిపోయినది

ఆ ఈగల రహస్యము 1700 ప్రాంతాన తేలినది. ఇటలీలో వల్లిస్నేరి, హాలెండులో లీవెన్‌హుక్ వంటివారు ఓపికగా పరిశీలించి, ఈగ గాని సన్నని కందిరీగ గాని బ్రతికిన పురుగుపై, లేదా పురుగులోనే, గుడ్లు పెడుతుందని గ్రహించినారు. ఆ గుడ్ల నుండి వచ్చిన పిల్లలు పురుగును లోలోపల తిని పెరుగుతాయి. కనుక గొంగళిపురుగు ఈగగా మారలేదు, ఈగపిల్లకు ఆహారమైనది. ఒకే తల్లికి రెండు జాతుల బిడ్డలు పుట్టలేదు. రెండవ తల్లి ఒకటి ముందే వచ్చి పోయినది.

హిందూపురం, మదనపల్లె ప్రాంతాల పట్టురైతులకు ఈ రెండవ తల్లి బాగా తెలుసు. వారు దానిని ఊజీ ఈగ అంటారు. పట్టుపురుగుపై అది గుడ్డు పెడితే పంట నష్టము. అందుకే పెంపకపు గదుల కిటికీలకు సన్నని వల బిగిస్తారు. రెడి పాత్రకు కట్టిన గుడ్డ, నేటి ఈ వల ఒకే ఆలోచన నుండి పుట్టినవి.

పైరుకు మాత్రము ఈ పరాన్నజీవులు మేలు చేస్తాయి. ట్రైకోగ్రామా అనే కీటకము పొడవు ఒక మిల్లీమీటరు కూడ ఉండదు. అది చిమ్మటల గుడ్లలోనే తన గుడ్లు పెడుతుంది. పురుగు పుట్టకముందే అంతమవుతుంది. నిలువ బియ్యమును పట్టే ఒక చిన్న చిమ్మట గుడ్లపై దానిని ప్రయోగశాలలలో పెంచి, ఆ గుడ్లను అట్టముక్కలకు అంటించి, వరి, చెరకు పొలాలలో కట్టుట వాడుకలోనికి వచ్చినది. గూడార్ట్ పెట్టెలో పాడైన పెంపకము రైతుకు ఆయుధమైనది.

మట్టికుండకు కిటికీ

ఇక మన భ్రమరకీట న్యాయము సంగతి. 19వ శతాబ్దిలో దక్షిణ ఫ్రాన్సులో ఫాబ్ర్ అనే ఉపాధ్యాయుడు మట్టికుండల వంటి గూళ్ళు కట్టే కందిరీగలను పరిశీలించినాడు. గూటి గోడలో చిన్న కిటికీ కోసి లోపల చూచినాడు. అందులో చిన్న గొంగళిపురుగులు కుప్పగా పడి ఉన్నవి. కందిరీగ కాటువలన అవి దాదాపు చచ్చుబడినవి కాని చావలేదు, తాకితే కదులుతున్నవి. పైకప్పునుండి సన్నని దారముతో కందిరీగ గుడ్డు వ్రేలాడుతున్నది. గుడ్డు నుండి వచ్చిన పిల్ల ఆ ఉయ్యాలలో ఉండియే క్రింది పురుగులను తినసాగినది. ప్రమాదమనిపిస్తే పైకి జరిగిపోతున్నది. అది పెరిగి, ప్యూపాయై, కందిరీగయై బయటికి వస్తుంది. పురుగు తుమ్మెద కాలేదు. తల్లి తన బిడ్డకు కట్టిన చద్దిమూట అయినది. మన ఇండ్ల గోడలమీద చిన్న కూజాల వంటి గూళ్ళలో జరిగేది కూడ ఇదే. అట్టి గూళ్ళు కట్టే మరికొన్ని జాతులు గొంగళిపురుగులకు బదులు సాలెపురుగులను నింపుతాయి.

మార్పునకు ఆజ్ఞ ఇచ్చేది ఎవరు?

ప్రశ్నలు అక్కడితో ఆగలేదు. పురుగు ఫలానా దినమున ప్యూపాగా మారాలని ఎవరు నిర్ణయిస్తారు? పోలండు శాస్త్రజ్ఞుడు స్టెఫాన్ కోపెచ్ 1917, 1922 సంవత్సరాలలో ప్రకటించిన ప్రయోగాలలో ఒక చిమ్మట జాతి పురుగుల నడుమును దారముతో బిగించి కట్టినాడు. చివరి కుబుసము విడిచిన పిదప తొందరగా కట్టితే ముందుభాగము మాత్రమే ప్యూపాగా మారినది. వెనుకభాగము పురుగుగానే ఉండిపోయినది. ఆలస్యముగా కట్టితే రెండు భాగాలూ మారినవి. మెదడును ముందుగా తీసివేస్తే మార్పే లేదు. మెదడు నుండి ఏదో పదార్థము రక్తములోనికి వస్తున్నదని తేలినది. 1954లో బ్యూటెనాండ్, కార్ల్‌సన్ అనే జర్మను శాస్త్రజ్ఞులు 500 కిలోగ్రాముల పట్టుపురుగు ప్యూపాల నుండి సుమారు 25 మిల్లీగ్రాముల హార్మోనును శుద్ధి చేసినారు. అది మెదడు ఆజ్ఞపై రొమ్ములోని గ్రంథులు విడిచే హార్మోను. కుబుసము విడిపించేది అదే.

రాత్రివేళ మగ చిమ్మట ఆడదానిని ఎట్లు వెదకుకొంటుంది అన్న ప్రశ్న కూడ పెంపకము నుండే వచ్చినది. ఫాబ్ర్ ఇంటిలో ఒక మే నెల ఉదయాన గూటి నుండి పెద్ద ఆడ చిమ్మట వచ్చినది. దానిని తీగెల పంజరములో ఉంచగా, ఆ రాత్రి చీకటిలో సుమారు 40 మగ చిమ్మటలు ఇంటిలోనికి వచ్చినవి. వాటిని పిలిచినది ఒక వాసన. 1959లో బ్యూటెనాండ్ బృందము ఆడ పట్టు చిమ్మటల నుండి అట్టి పదార్థమును మొదటిసారి గుర్తించి బాంబికాల్ అని పేరు పెట్టినది. నేడు పత్తి, వేరుశనగ చేలలో మన రైతులు పెట్టే లింగాకర్షక బుట్టలు ఈ సూత్రముపైననే పనిచేస్తున్నవి.

మన పెరట్లో

ఇట్టి పరిశీలనకు మన పెరడు చాలును. నందివర్ధనము, గన్నేరు మొక్కలపై ఆకుపచ్చని లావుపాటి పురుగు ఒకటి దొరుకుతుంది. తలకు కొంచెము వెనుక రెండు నీలి కన్నుల వంటి మచ్చలు, తోక వద్ద చిన్న కొమ్ము ఉంటాయి. ఆ మచ్చలు నిజమైన కన్నులు కావు. వేటాడవచ్చిన పక్షిని బెదరించుటకు పనికివస్తాయి. దీని చిమ్మట రెక్కలపై ఆకుపచ్చ, లేతగులాబి రంగులు చలువరాతి చారలవలె ఉంటాయి. ఆముదపు ఆకులపై నడుమును విల్లువలె వంచి నడిచే దాసరిపురుగు దొరుకుతుంది.

నూగు గల పురుగులను చేతితో తాకరాదు. కొన్నిటి నూగు ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి. ఆకుతో సహా త్రుంచి తేవాలి. గన్నేరు విషము కనుక ఆకులు ముట్టిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకోవాలి. వెడల్పు మూతిగల సీసాలో గాని అట్టపెట్టెలో గాని రెండంగుళాల మేర కొద్దిగా తడిసిన మన్ను పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టాలి. ఏ మొక్కపై దొరికినదో ఆ మొక్క ఆకునే పెట్టాలి. వేరే ఆకు పెడితే చాల పురుగులు తినక మాడిపోతాయి. ఆకులపై నీటిచుక్కలు తుడిచివేసి, రోజూ పాత ఆకులను, రెట్టను తీసివేయాలి. నందివర్ధనపు పురుగు రంగు మారి, తినుట మాని, క్రిందికి దిగి తిరుగుతున్నదంటే ప్యూపా దశ దగ్గరపడినదని గుర్తు. అప్పుడు దానిని కదిలించరాదు. చిమ్మట వచ్చి రెక్కలు ఆరిన తరువాత సాయంకాలము తోటలో విడిచిపెట్టాలి.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక్కొక్క జట్టుకు ఒక పురుగును అప్పగించి, దొరికిన తేదీ, మొక్క పేరు, రోజూ పొడవు, కుబుసము విడిచిన దినము వ్రాయించవచ్చును. పది పెట్టెలలో రెండింటినుండి చిమ్మటకు బదులు ఈగలు రావచ్చును. అప్పుడు ఆ జట్టు పిల్లలు తమది చెడిపోయినదని పుస్తకము మూసివేయకుండ చూడవలసిన బాధ్యత ఉపాధ్యాయునిది. లోపలికి ఏమి పోయినది, బయటికి ఏమి వచ్చినది, నడుమ తాము చూడనిది ఏమిటి అని వారిచేత మూడు వరుసలు వ్రాయించాలి. ఆ మూడవ వరుసను ఊహతో నింపక ఖాళీగా ఉంచి, మరుసటి వానకాలము మరల పెట్టె తెరచిన విద్యార్థి శాస్త్రమార్గములో అడుగుపెట్టినవాడే.